చావును పట్టుకోవడం ఎలా?

హన్మకొండలో ఇంటర్ చదివే మా అక్క కొడుకు మొన్న ఇంగ్లిష్ పాఠంలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాడు. వానలో తడిసి వచ్చిన పిల్లవాణ్ని చూసి తల్లి "యూ విల్ క్యాచ్ యువర్ డెత్ ఆఫ్ కోల్డ్" అని మందలిస్తుంది. వాడు దాన్ని "నీవు చలి చావును పట్టుకుంటావు" అని రాసి, చావును ఎవరైనా పట్టుకుంటారా మామా అని అడిగాడు.

అడగవలసిన ప్రశ్నే. ఇంగ్లిష్‌లో రోగాన్ని మనిషి పట్టుకుంటాడు. తెలుగులో రోగమే మనిషిని పట్టుకుంటుంది. మనకు జలుబు పడుతుంది, జ్వరం పట్టుకుంటుంది, శని కూడా అలాగే పడుతుంది. అందుకే ఆ క్రియను ఉన్నదున్నట్టు తెస్తే వాక్యం తలకిందులవుతుంది. ఇక 'కోల్డ్' అన్న మాటకు చలి అనీ జలుబు అనీ రెండర్థాలున్నాయి. ఇందులో వింతేమీ లేదు, ఎందుకంటే ఓరుగల్లులో మనం రోజూ అనే 'సర్ది' ఉర్దూ నుంచి వచ్చిన మాట, అక్కడా దానికి చలి, జలుబు రెండూ అర్థాలే.

జలుబు వైరస్‌ల వల్ల వస్తుంది కాబట్టి ఆ తల్లిది వట్టి బెదిరింపు అనుకోవచ్చు గానీ, తడి విషయంలో ఆమె మాట తీసివేయదగినది కాదు. మామూలుగా 37 డిగ్రీల దగ్గర ఉండే ఒంటి లోపలి వేడి 35 కంటే తగ్గితే వైద్యులు దాన్ని హైపోథెర్మియా అంటారు. మొదట వణుకు పుడుతుంది, మాట ముద్దగా వస్తుంది, ఇంకా ముదిరితే ఆ వణుకే ఆగిపోతుంది, అదే అసలు ప్రమాదం. దీనికి మంచు కురవనక్కర లేదు; నీరు గాలికంటే సుమారు 25 రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది కనుక, తడిబట్టలకు ఈదురుగాలి తోడైతే పది డిగ్రీల చలి కూడా చాలు. కాబట్టి ఆ తల్లి మాటకు 'గడ్డకట్టి చనిపోవడం' అన్న అనువాదం కూడా ఆదిలాబాదు చలికి నప్పదు. అక్కడ నీళ్లు గడ్డకట్టవు, మనుషులు మాత్రం బిగుసుకుపోతారు.

నా చిన్నతనంలో మేడారం జాతరకు వెళ్ళినప్పుడు, మాఘమాసపు తెల్లవారుజామున జంపన్న వాగులో మునిగి తడి లాగుతోనే గద్దెల వైపు పరుగెత్తబోయిన నన్ను నానమ్మ రెక్క పట్టి ఆపి, "తడిబట్టలిప్పు బిడ్డా, ఇగం పట్టి సస్తవ్" అన్నది. ఇగం అంటే మా వైపు చలి. ఆమెకు ఇంగ్లిష్ అక్షరం ముక్క రాదు. నేను ఇంతకాలం వెతికిన అనువాదం అదేనని మేనల్లుడికి చెప్పగానే తోచింది.

వాడు దాన్ని శ్రద్ధగా నోటు పుస్తకంలో రాసుకుని, పరీక్షలో 'సస్తవ్' అని రాయాలా, 'చస్తావు' అని రాయాలా అన్నాడు. మార్కుల కోసం రెండోదే రాయమన్నాను, కొంచెం మనసొప్పక.