థెస్సలొనీకిలో ఫసోలాదా, ‘జెడ్’

జనవరిలో గ్రీసులోని థెస్సలొనీకి వెళ్లేవారికి ఒక మాట: సముద్రం ఒడ్డున కాఫీ తాగకండి. నాలుగు యూరోలు గుంజుతారు, పైగా వర్దారిస్ అనే అక్కడి చలిగాలికి అది రెండు నిమిషాల్లో చల్లారిపోతుంది. తెల్ల బురుజు, కోటగోడలు అందరూ చూసేవే. నేను వెళ్లింది వెనిజెలు, ఎర్ము వీధులు కలిసే మూల కోసం. శాంతి సభలో మాట్లాడి బయటికి వచ్చిన పార్లమెంటు సభ్యుడు గ్రిగోరిస్ లాంబ్రాకిస్‌ను 1963 మే 22 రాత్రి మూడు చక్రాల బండిలో వచ్చినవారు తల మీద కొట్టింది అక్కడే. ఐదు రోజులకు ఆయన చనిపోయారు. స్మారక శిల్పం ఉంది. దాని పక్కనుంచే జనం సంచులు మోసుకుంటూ పోతున్నారు, ఒక్కరూ తలెత్తరు. నాకు చాలా కోపం వచ్చింది.

ఆ కోపం బసకు వచ్చాక ఇంటావిడ ముందు వెళ్లగక్కాను. డెబ్బై దాటిన మనిషి. “ఈ రాత్రికి బయట తినకండి. గింజలు నానబెట్టి ఉన్నాయి” అన్నారు.

ఆ లాంబ్రాకిస్ హత్య మీదే కోస్తా గవ్రాస్ 1969లో తీసిన సినిమా ‘జెడ్’ పెట్టి, అదే నిమిషాన ఫసోలాదా, అంటే చిక్కుడు గింజల పులుసు, గిన్నె పొయ్యి మీదికి ఎక్కించారు. తెల్ల చిక్కుడు గింజలు ఒక పొంగు రాగానే ఆ నీళ్లు పారబోశారు. కొత్త నీళ్లలో ఉల్లిపాయ, క్యారెట్, ఆకులతో సహా సెలరీ, తర్వాత టమాటా. మాంసం ముక్క లేదు, ఉన్నదంతా ఆలివ్ నూనే. దానికి మాత్రం చేయి వెనక్కి తీయలేదు. సినిమా ఆపకుండానే వంటింట్లోకి లేచి వెళ్లేవారు. మాటలన్నీ ఆమెకు కంఠతా వచ్చు. నేను మాత్రం కదల్లేదు. తెర మీద దర్యాప్తు బిగుసుకునేకొద్దీ సెలరీ వాసన గదంతా నిండింది. మా చిత్తూరు వైపు సంక్రాంతి రోజుల్లో పితికిపప్పు ఉడుకుతున్నప్పుడు ఇల్లంతా ఇలాగే ఉంటుంది.

పెద్ద పోలీసు అధికారులను ఒక్కొక్కరినే పిలిచి నేరం మోపే ఘట్టానికి పళ్లేలు వచ్చాయి. గింజ నోట్లో వెన్నలా విడిపోతోంది, పులుసు చెంచాకు పట్టుకునేంత చిక్కగా ఉంది. పక్కన రొట్టె, ఆలివ్‌లు, పచ్చి ఉల్లిపాయ. రెండు గంటలు బిగబట్టుకుని కూర్చున్న కడుపుకు అంతకంటే న్యాయమైన భోజనం ఉండదు. సినిమా చివర్లో, తర్వాత గ్రీసులో గద్దెనెక్కిన సైనిక ప్రభుత్వం నిషేధించినవాటి జాబితా వచ్చింది: పొడవు జుట్టు, సోఫోక్లిస్, టాల్‌స్టాయ్, సమ్మెలు, కొత్త గణితం. నా చెంచా ఆగిపోయింది. ఆమె మరో గరిటె వడ్డించారు.

ఈ సినిమా ఆల్జియర్స్‌లో తీశారు, ఆస్కార్ అల్జీరియా పేరు మీద వచ్చింది. సంగీతం మికిస్ థియోడొరాకిస్‌ది. ఆయన అప్పుడు సొంత దేశంలోనే నిర్బంధంలో ఉన్నారు. 1974లో సైనిక పాలన కూలేదాకా గ్రీసువాళ్లు దీన్ని సొంత థియేటర్లలో చూడలేకపోయారు. అప్పుడు ఈమె సీటు దొరక్క గోడకు ఆనుకుని చూశారట. నేరం మోపే ఘట్టంలో చప్పట్ల హోరులో ఒక్క మాటా వినబడలేదట.

నాకు తెలియని సంగతి ఆఖర్న చెప్పారు. కేసు దర్యాప్తు చేసిన నిజమైన న్యాయాధికారి క్రిస్తోస్ సార్జెతాకిస్‌ను సైనికులు ఉద్యోగం నుంచి తొలగించారు, జైల్లో పెట్టారు. అదే మనిషి 1985లో గ్రీసు రాష్ట్రపతి అయ్యారు. ఇద్దరం గిన్నె ఖాళీ అయ్యేదాకా ఆయన గురించే మాట్లాడుకున్నాం.