చుక్కలు ఎవరికి మారాయి?

మా అమ్మాయి చదువుతున్న సిడ్నీ విశ్వవిద్యాలయం 1850లో ఏర్పడగా, దానికి 1857లో లండన్‌లోని కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్ అధికారిక చిహ్నాన్ని మంజూరు చేసింది. ఆ డాలు పైభాగాన ఎర్రని పట్టీ మీద నడుస్తున్న బంగారు సింహం కేంబ్రిడ్జిని, నడుమ తెరిచి ఉన్న పుస్తకం ఆక్స్‌ఫర్డును గుర్తుచేస్తాయి. నీలి శిలువ మీద మెరిసే నాలుగు చుక్కలు మాత్రం దక్షిణాకాశపు సదరన్ క్రాస్‌వి. ‘సిడెరే మెన్స్ ఎయాడెమ్ ముటాటో’ అన్న లాటిన్ నినాదానికి, నక్షత్రాలు మారినా మనసు మారదని భావం.

సముద్రం దాటి వచ్చినవాళ్లు తమకు తాము చెప్పుకున్న ధైర్యమే అది అనిపిస్తుంది నాకు, ఎందుకంటే మేము చేసిందీ దాదాపు అదే. ఇక్కడ ఉగాది శరదృతువులో వస్తుంది. జనవరి మండుటెండల్లో భోగిమంట వేద్దామంటే నిప్పు మీద నిషేధం ఉండవచ్చు. అరుంధతి ఉండే సప్తర్షి మండలం సిడ్నీలో ఉత్తర దిగంతాన్ని దాటి పైకి రావడమే కష్టం, ధ్రువ నక్షత్రమైతే అసలే కనబడదు. అయినా తెలుగు పెళ్లిళ్లలో పురోహితుడు అరుంధతిని చూపిస్తూనే ఉంటాడు. పగటి ముహూర్తాలలో మన ఊళ్లో మాత్రం కనబడుతుందా అని మావారు నవ్వుతారు.

ఇక్కడే పుట్టిన మా అమ్మాయికి చుక్కలు మారనేలేదు. ఆమె ఊహ తెలిసినప్పటి నుంచి చూస్తున్నవి ఇవే. మనవారిలో కొందరు సదరన్ క్రాస్‌నే త్రిశంకుడిగా గుర్తిస్తారని నేను చెప్పినప్పుడు ఆమెకు నచ్చింది త్రిశంకుడు తలకిందులుగా వేలాడిన సంగతి కాదు, అతని కోసం విశ్వామిత్రుడు దక్షిణాన కొత్త నక్షత్రాలనే సృష్టించిన సంగతి. పిల్లలది త్రిశంకు స్వర్గమని వాపోయే మనం కథలోని ఆ భాగాన్ని ఎందుకో తలచుకోము.

చిహ్నం మీద ఆమె అభ్యంతరం వేరు. విశ్వవిద్యాలయ ప్రధాన ప్రాంగణం నిలిచిన నేల ఇక్కడి ఆదివాసులైన గాడిగల్ ప్రజలది, కాని డాలు మీద వారి జాడ లేదు. ఈ దేశపు ఆదివాసుల్లో పలు సమూహాలు సదరన్ క్రాస్ పక్కనున్న నల్లని మచ్చను ఈము పక్షి తలగా, పాలపుంత పొడవునా సాగే చీకటిని దాని శరీరంగా చూస్తాయని ఆమె వల్లనే నాకు తెలిసింది. 2010లో వాడుక చిహ్నాన్ని సరళం చేస్తూ అందులోంచి నినాదాన్ని తీసివేయడం నాకు వెలితిగానే ఉంది. ఆమె మాత్రం నినాదమే కాదు, సింహం పోయినా ఫర్వాలేదు, చుక్కలు ఉంటే చాలునంటుంది.