మా వీధిలో "అండి" వినపడదు

ఈ ఏడాది మార్చిలో ఒక ఆదివారం నాన్న వీడియో కాల్ చేశారు. మాట్లాడుతుండగా ఎదురింటి మాస్టారు వస్తే ఫోన్ ఆయన చేతికిచ్చారు. మాకు ఏడో తరగతిలో లెక్కలు చెప్పిన ఆయన, ఇప్పుడు ఎనభైకి దగ్గర్లో ఉన్నారు. నేను నమస్కారం పెట్టేలోపే మా ఏడేళ్ళ వాడు ఫోన్ లాక్కుని ఆయన్ని చూసి "నువ్వెవరు?" అన్నాడు.

మాస్టారు ఏమీ అనలేదు. చిన్నగా నవ్వి ఫోన్ నాన్నకిచ్చేశారు. ఆ నవ్వు నాకు ఆ రాత్రంతా గుర్తుకొస్తూనే ఉంది.

వాణ్ణి కోప్పడదామని కూర్చోబెట్టాను. "ఆయన్ని మీరు అనాలి నాన్నా" అంటే "మీరు అంటే ఇద్దరు కదా?" అని అడిగాడు. వాడికి "మీరు" అంటే వాడూ చెల్లీ కలిసి. "మీరిద్దరూ షూస్ వేసుకోండి" అని నేను రోజూ పొద్దున అరిచేదాంట్లో "మీరు". ఒక్క మనిషిని కూడా అలా పిలుస్తారని వాడు ఎక్కడ వింటాడు? నేను వాడితో "రా, తిను, పడుకో" అంటాను. మేమిద్దరం ఒకరినొకరం "నువ్వు" అనుకుంటాం. మా ఆయనది కరీంనగర్ వైపు, వాళ్ళింట్లో అత్తమ్మని కూడా చనువుగా నువ్వనే అంటారు, అందులో ప్రేమే తప్ప అగౌరవం లేదు. మాది కోనసీమ. నేను పెరిగిన ఊళ్ళో మాత్రం అండి లేకుండా నోరు పెగలదు.

నాకు అండి ఎవరూ నేర్పలేదు. అమ్మ కొంగు పట్టుకుని గుమ్మంలో నిలబడితే అదే వచ్చింది. పాలబ్బాయి వచ్చేవాడు, కూరల బండి వచ్చేది, పోస్ట్‌మాన్ అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు అడిగేవారు, "రండి, కూర్చోండి, ఎండగా ఉంది, మజ్జిగ తీసుకోండి" అని అమ్మ రోజుకి ఎన్ని వందల సార్లు అనేదో. పిల్లలకి భాష ఇంట్లో వస్తుందంటారు గానీ, నాకైతే సగం గుమ్మంలోనే వచ్చింది.

ఇక్కడ మా గుమ్మంలోకి ఎవరూ రారు. మేముండేది ఇంగ్లండ్‌లో, రెడింగ్ పక్కన లోయర్ అర్లీలో. 1970ల చివర్లో మొదలుపెట్టి పొలాల్లో కట్టుకుంటూ పోయిన పెద్ద కాలనీ ఇది. ఇటుక ఇళ్ళు, ముందు కారు పట్టేంత జాగా, వెనకాల చెక్క ఫెన్సింగ్ మధ్య చిన్న తోట. మంచి చోటు, కాదనను. పిల్లలు స్కూలుకి నడిచి వెళ్తారు, దారిలో రోడ్డు దాటించడానికి పసుపు కోటు వేసుకున్న పెద్దావిడ ఉంటారు, అక్టోబర్‌లో చెట్ల కింద రాలిన కాంకర్లనే గోధుమరంగు గింజలు ఏరుకుని జేబుల్నిండా నింపుకొస్తారు. కానీ నిశ్శబ్దం. పార్సిల్ అతను పెట్టె గుమ్మంలో పెట్టి ఫోటో తీసుకుని, మనం తలుపు తీసేలోపు వెళ్ళిపోతాడు. ఎవరింటికైనా వెళ్ళాలంటే రెండు వారాల ముందు మెసేజ్ పెట్టుకోవాలి. డిసెంబర్‌లో సాయంత్రం నాలుగు కాకముందే చీకటి పడిపోతుంది, ఇక ఎవరి కర్టెన్లు వాళ్ళు వేసుకుంటారు. ఈ వీధికి వచ్చిన మొదటి చలికాలం, ఊళ్ళో ఎవరైనా పోయారా ఏమిటి ఇంత నిశ్శబ్దంగా ఉంది అనిపించేది నాకు.

మా వాడికి మర్యాద తెలియదా అంటే అస్సలు కాదు, నన్ను బాధపెట్టేది అదే. టౌన్‌కి వెళ్ళే 21 నంబర్ బస్సు దిగేటప్పుడు డ్రైవర్‌కి థాంక్యూ చెప్పకుండా ఒక్కసారి కూడా దిగడు, ఎవరైనా వాణ్ణి గుద్దుకున్నా వాడే సారీ అంటాడు, ప్లీజ్ లేకుండా ఏదీ అడగడు. ఈ వీధి వాడికి ఇవ్వాల్సినవన్నీ ఇచ్చింది. అయితే మా పక్కింటావిడకి డెబ్బై దాటాయి, ఆవిడ్ని పిల్లలు పేరు పెట్టి పిలుస్తారు. ఆవిడే అలా పిలవమన్నారు. ఆంటీ అనమని నేను నేర్పితే, నేను మీ ఆంటీని కాదు కదా అని మెత్తగా చెప్పారు. ఆవిడ తప్పు లేదు, ఇక్కడ అదే ఆప్యాయత. నాకు మాత్రం ఆవిడ్ని పేరు పెట్టి పిలవడానికి మూడేళ్ళు పట్టింది, ఇప్పటికీ పేరు పలికే ముందు చిన్న తడబాటు.

ఇక్కడ నాలుగేళ్ళు నిండాక వచ్చే సెప్టెంబర్‌లో పిల్లలు స్కూల్లో మొదటిదైన రిసెప్షన్ క్లాసులో చేరతారు. అప్పటిదాకా వాడు గలగలా తెలుగు మాట్లాడేవాడు. క్రిస్మస్ సెలవులకల్లా కలలో పలవరించేది కూడా ఇంగ్లీష్ అయిపోయింది. టీచర్ మంచావిడ, ఇంట్లో మీ భాషే మాట్లాడండి అని ఆవిడే చెప్పారు. మేం మాట్లాడతాం, వాడు ఇంగ్లీష్‌లో జవాబిస్తాడు. చెల్లి పుట్టాక అన్నాచెల్లెళ్ళ మధ్య భాష ఇంగ్లీషే. వారాంతాల్లో తెలుగువాళ్ళం కలుస్తాం, పెద్దవాళ్ళం వంటింట్లో తెలుగు, పిల్లలు మేడ మీద ఇంగ్లీష్.

ఊరికి తీసుకెళ్తే వస్తుంది కదా అంటారు. నిజమే, ఎప్పుడు తీసుకెళ్ళాలి? సంక్రాంతి జనవరి మధ్యలో, అప్పుడు స్కూలు. అనుమతి లేకుండా ఐదు రోజులు మానేస్తే ఫైన్ వేసే అవకాశం ఉంది, 2024 ఆగస్టు నుంచి ఒక్కో పిల్లకి, తల్లికీ తండ్రికీ విడివిడిగా 80 పౌండ్లు, మూడు వారాల్లో కట్టకపోతే 160. అది కట్టి వెళ్ళేవాళ్ళున్నారు, నేను తప్పు పట్టను. నాకు మాత్రం వాడు రూల్ తప్పడం అలవాటు చేసుకుంటాడేమోనని భయం. అందుకని ఇక్కడ వేసవి సెలవులుండే ఆగస్టులోనే వెళ్తాం. అప్పటికి మన దగ్గర స్కూళ్ళు తెరిచి రెండు నెలలవుతుంది, అక్క పిల్లలు పొద్దున్నే యూనిఫాం వేసుకుని వెళ్ళిపోతారు, వీళ్ళు సాయంత్రం దాకా టీవీ ముందు. మా పిల్లలు ఇప్పటిదాకా భోగిమంట చూడలేదు. నవంబర్ 5న ఇక్కడ వేసే పెద్ద మంటలు చూసి "ఇదేనా భోగి?" అని అడిగారు.

మే నెలలో అమ్మ వచ్చింది, ఆరు నెలల వీసా మీద. వారం తిరక్కుండానే వెనక తోటలో తోటకూరా మెంతికూరా చల్లింది. పక్కింటావిడ ఫెన్సింగ్ మీదుగా ఒక కట్ట రూబార్బ్ ఇచ్చారు. పెద్ద పెద్ద ఆకులు, ఎర్రటి కాడలు. అమ్మ వాసన చూసి, కొరికి, "పుల్లగా ఉందే, మన గోంగూరలాగే" అని ఆకులు తుంచడం మొదలుపెట్టింది. ఆవిడ అటునుంచి రెండు చేతులూ ఊపుతూ నో నో అని కంగారుపడ్డారు. ఆకు విషం, కాడలే తినాలి. ఆ కాడల్ని అమ్మ ఎండుమిర్చీ వెల్లుల్లీ వేసి పచ్చడి చేసి, ఇంగువ తాలింపు పెట్టి గిన్నెడు ఆవిడకిచ్చింది. ఆవిడ టోస్ట్ మీద రాసుకుని తిన్నారట.

అప్పట్నుంచి రోజూ పదకొండింటికి అమ్మ ఫెన్సింగ్ దగ్గర నిలబడి "రండి రండి, టీ పెట్టాను" అనేది. ఆవిడ వచ్చేసేవారు. మెసేజ్ లేదు, రెండు వారాల ముందు అడగడం లేదు. ఇద్దరికీ ఉమ్మడి భాష అంటూ ఏమీ లేదు, చెరో కుర్చీలో కూర్చుని చెరో భాషలో మాట్లాడుకునేవారు.

పిల్లల్ని కూడా అమ్మ అలాగే పిలిచేది. మా వైపు పెద్దవాళ్ళకది అలవాటే, "ఏం బాబుగారూ, లేచారా, రండి, పాలు తాగండి" అని గారం చేయడం. నన్నూ అలాగే పిలిచేవారు చిన్నప్పుడు, నేనది పూర్తిగా మర్చిపోయాను. నేను వాడికి "మీరు అను, మీరు అను" అని చెప్తూ కూర్చున్నాను గానీ, వాడితో ఎప్పుడూ అలా మాట్లాడలేదు. జూలైలో ఒకరోజు స్కూల్ నుంచి వచ్చి "అమ్మమ్మా, ఆకలేస్తోందండి" అన్నాడు. అమ్మ వాణ్ణి దగ్గరికి లాక్కుంది. నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను.

అమ్మ అక్టోబర్ చివర్లో వెళ్ళిపోయింది. ఇప్పుడు నేనూ మా ఆయనా ఇంట్లో అండి అనుకుంటున్నాం. మొదట్లో ఆయనకి నాటకంలా ఉండేది, పిల్లలతో అనడం మాత్రం ఇష్టపడుతున్నారు. మా పాప కుక్కబొమ్మని కూడా "రండి" అంటుంది. శనివారాలు పదకొండింటికి స్టూలెక్కి ఫెన్సింగ్ మీదుగా పక్కింటావిడ్ని "రండి రండి" అని పిలుస్తుంది, అదే ఆవిడ పేరన్నట్టు. ఆవిడ కోటు వేసుకుని వస్తారు.

మాస్టారితో ఇంకా మాట్లాడించలేదు. నాన్న చేయిస్తానన్నారు గానీ వద్దన్నాను. వచ్చే జూలై చివరికి టిక్కెట్లు చూస్తున్నాం. ఊరు వెళ్ళాక సూట్‌కేసులు ఇంట్లో పెట్టి ముందు ఎదురింటికే తీసుకెళ్తాను. ఎలా ఉన్నారండీ అని అడగాలి అని వాడికి చెప్పాను. "ఆయన ఏమంటారు?" అని అడుగుతున్నాడు.