కన్ను మసక, చెవి స్పష్టం

ఆదివారం, కర్నూలు

కొత్త 50 ఎంఎం లెన్స్ వచ్చినప్పటి నుంచి ఇంట్లో ఎవరి ఫోటో తీసినా ఒకటే వరస. కంటి మీద ఫోకస్ పెట్టి నొక్కితే కన్ను మసకగా వస్తుంది, చెవి మాత్రం కమ్మతో సహా మెరిసిపోతుంది. మా మేనకోడలి ఫోటో పెద్దది చేసి చూస్తే కనురెప్పల వెంట్రుకలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయినాయి. చెవి పక్కకు జారిన జుట్టును మాత్రం పోగు పోగుగా విడదీయొచ్చు. "కమ్మలు బాగా పడినాయిలేరా" అని అక్క సంతోషపడింది. ఆమెకు కావాల్సింది దొరికింది మరి.

పెళ్ళి ఫోటోలు తీసే స్నేహితుడికి రాత్రి ఫోన్లో పంపితే, చూసీ చూడకముందే "పీస్ బాగలేదన్నా, వాపస్ పంపెయ్" అన్నాడు. మా ఊళ్ళో కెమెరా పట్టినోళ్ళంతా ఏ రోగానికైనా ఈ మందే చెప్తారు. వాపస్ పంపితే ఇంకో పీస్ వస్తుంది, సరే. అది నా కెమెరాతో కుదురుతుందని ఎవరు పూచీ?

పొద్దున ఉగ్గాని బజ్జీ అయినాక ముందు వరండాలో టేబుల్ వేసుకుని కూర్చున్నాను. సులువైనవి ముందు తేల్చుకోవాలి కదా. ముందున్న ఫిల్టర్ తీసేశాను. లెన్స్ వెనక బంగారు రంగులో ఉండే కాంటాక్టులు పొడి బట్టతో తుడిచాను. ఏ మార్పూ లేదు. కెమెరాతో పాటు వచ్చిన కిట్ లెన్స్ బిగించి తీస్తే ఫోటో శుభ్రంగానే ఉంది కానీ, ఆ సాక్ష్యం చెల్లదు. దాని అపర్చర్, అంటే వెలుగు లోపలికి వచ్చే కంత, చిన్నది కాబట్టి ఫోకస్ కాస్త అటూ ఇటూ అయినా తెలియదు. కొత్త లెన్స్ కంతను 1.8 దగ్గర, అంటే బాగా పెద్దగా తెరిస్తే ఆ వెసులుబాటు ఉండదు. మీటరు దూరంలో ఉన్న మనిషిని తీస్తే, నా క్రాప్ సెన్సర్ (ఫోటో పడే సెన్సర్ చిన్నదిగా ఉండే) కెమెరాలో స్పష్టంగా వచ్చే మందం సుమారు 3 సెంటీమీటర్లు, అంతే. కంటి నుంచి చెవి దాకా అంతకంటే ఎక్కువే ఉంటుంది.

గుట్టు లైవ్ వ్యూలో బయటపడింది. కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్‌లోంచి చూడకుండా వెనక తెర మీద చూస్తూ ఫోకస్ చేస్తే, అదే లెన్స్, అదే అపర్చర్, ఫోటో కత్తిలా వచ్చింది. అంటే గాజులో దోషం లేదు. వ్యూఫైండర్‌తో ఫోకస్ చేసేటప్పుడు నాలాంటి అద్దమున్న కెమెరా, అంటే డీఎస్‌ఎల్‌ఆర్, అసలు సెన్సర్‌ను చూడనే చూడదు. పెద్ద అద్దం వెనకున్న చిన్న అద్దం కొంత వెలుగును కింద ఉన్న ఫోకస్ సెన్సర్‌కు మళ్ళిస్తుంది, అది లెక్కగట్టి లెన్స్‌ను తిప్పుతుంది. ఆ దారి, ఫోటో పడే సెన్సర్‌కు వెళ్ళే దారి, రెండూ సరిగ్గా ఒకే కొలతలో ఉండాలి. బాడీలో వెంట్రుకవాసి తేడా, లెన్స్‌లో ఇంకో వెంట్రుకవాసి తేడా ఉండొచ్చు. కంపెనీ ఒప్పుకునే హద్దులో దేనికదే సరైనదే. రెండు తేడాలూ ఒకే వైపు కలిస్తేనే తంటా. లైవ్ వ్యూలో ఆ పక్కదారి లేదు. అద్దమే లేని మిర్రర్‌లెస్ కెమెరాల్లో ఈ గొడవ లేకపోవడానికీ ఇదే కారణం. స్నేహితుడు ఎప్పుడూ "మిర్రర్‌లెస్‌కు మారన్నా" అంటాడు, అతను చెప్పినవాటిలో ఇదొక్కటి నిజం. డబ్బు సంగతి మాత్రం మాట్లాడడు.

ఇక కొలవాలి. అగ్గిపెట్టెను నిలబెట్టి, దాని పక్కన మేనకోడలి స్కూలు స్కేలును 45 డిగ్రీల వాలుగా ఆనించాను. 15 గీత సరిగ్గా అగ్గిపెట్టె ముఖానికి సమంగా ఉండాలి, పెద్ద అంకెలు వెనక వైపు. కెమెరా ట్రైపాడ్ మీద, మధ్య ఫోకస్ పాయింట్ ఒక్కటే, అపర్చర్ 1.8, చేత్తో నొక్కకుండా సెల్ఫ్ టైమర్. ప్రతిసారీ లెన్స్ ఫోకస్‌ను పూర్తిగా చెడగొట్టి మళ్ళీ పట్టించాలి, లేకపోతే మొదట పట్టిన చోటే బద్ధకంగా కూర్చుంటుంది. ఫోకస్ అగ్గిపెట్టె మీద పెడితే స్కేలు మీద 17 దగ్గర అంకెలు నల్లగా, గట్టిగా కనిపించాయి. 15 బూడిద రంగులో తేలిపోయింది. బ్యాక్ ఫోకస్, అంటే ఫోకస్ గురికి వెనక పడడం, అనడానికి ఇంతకంటే రుజువు అక్కరలేదు.

అమ్మ వచ్చి చూసి, "ఏందిరా, పొద్దున్నుంచి ఆ స్కేలుకే ఫోటోలు తీస్తాండావు?" అంది.

"లెన్స్ సరి చేస్తాండానమ్మా."

"చేసుకో. టేబుల్ మాత్రం అన్నానికి కావల్ల."

నికాన్ కెమెరాల్లో దీనికి ఏఎఫ్ ఫైన్ ట్యూన్ అని మెనూ ఉంటుంది, కెనాన్‌లో మైక్రో అడ్జస్ట్‌మెంట్ అంటారు. రెండింట్లోనూ మైనస్ 20 నుంచి ప్లస్ 20 దాకా జరపొచ్చు. మొదటి మెట్టు మోడళ్ళలో చాలావాటికి ఈ సదుపాయం లేదు. కొనేటప్పుడు మెగాపిక్సెళ్ళ గురించి గంట చెప్పే షాపువాళ్ళు ఈ మాట ఎత్తరు. ఫోకస్ వెనక పడుతోంది కాబట్టి కెమెరా వైపు లాగాలి, అంటే మైనస్. మైనస్ 5 దగ్గర 16కు వచ్చింది. మైనస్ 10 పెడితే 15 దాటి ముందుకు వచ్చేసింది. మైనస్ 8 దగ్గర 15 కుదురుకుంది. కెమెరా ఈ అంకెను ఆ లెన్స్ పేరు మీదే దాచుకుంటుంది, కిట్ లెన్స్ తగిలిస్తే దాని లెక్క దానికే.

దగ్గర కుదిరింది దూరంలోనూ కుదరాలని లేదు. అందుకే సాయంత్రం ఎండ పడిపోకముందే కొండారెడ్డి బురుజు దగ్గరికి పోయాను. చీకటి పడితే ఫోకస్ తడుముకుంటుంది, పసుపు బల్బుల వెలుగులో ఇంకాస్త జరుగుతుంది కూడా. రాతికీ రాతికీ మధ్య సందులు, వాటి అంచుల్లో పక్కవాటు ఎండ. ఫోకస్‌కు ఇంతకంటే మంచి గురి దొరకదు. వ్యూఫైండర్‌తో ఒకటి, లైవ్ వ్యూతో ఒకటి తీసి పక్కపక్కన పెట్టి చూశాను. తేడా పట్టుకోలేకపోయాను.

స్కేలు ఫోటోలు రెండూ, ముందుదీ తర్వాతదీ, స్నేహితుడికి పంపాను. చాలాసేపు ఉలుకూ పలుకూ లేదు. తర్వాత ఫోన్ చేసి, "అన్నా, నా 85 ఎంఎం లెన్స్ కూడా శానా రోజుల్నుంచి ఇట్లే చేస్తాంది. రేపు ఇంటికాడ ఉంటావా?" అన్నాడు. రమ్మన్నాను. స్కేలు అతన్నే తెచ్చుకోమని చెప్పాలి, మాది రేపు బడికి పోతుంది.