కోడ్ పీకేసిన గురువారం

ఇవాళ ఆఫీసులో కోడ్ రాసింది తక్కువ, తీసేసింది ఎక్కువ. మా ప్రాజెక్టులో పాపప్‌ల కోసం ఎవరో ఎప్పుడో తెచ్చిపెట్టిన లైబ్రరీ, అంటే రెడీమేడ్ కోడ్ మూట, ఒకటి ఉంది. తెచ్చినవాళ్లు కంపెనీలో లేరు, దాని జోలికి వెళ్లాలంటే ఉన్నవాళ్లందరికీ టెన్షన్. దాన్ని పీకేసి, బ్రౌజర్‌లోనే ఉన్న డైలాగ్ అనే హెచ్‌టీఎమ్‌ఎల్ ట్యాగ్ పెట్టాను.

దాన్ని తెరిచే షోమోడల్ ఫంక్షన్‌ను పిలిస్తే చాలు. ఫోకస్ దానంతటదే పాపప్ లోపలికి వెళ్తుంది, ఎస్కేప్ నొక్కితే మూసుకుంటుంది, వెనకున్న పేజీ మీద క్లిక్కులు పనిచేయవు. నాకు బాగా నచ్చింది మాత్రం టాప్ లేయర్. పాపప్‌ను బ్రౌజరే అన్నిటికన్నా పైన పెడుతుంది. ఏది పైన ఉండాలో చెప్పే జెడ్ ఇండెక్స్ అంకె 999 అని ఒకరంటే 9999 అని ఇంకొకరు పాడే వేలంపాట ఇక లేదు.

ఈ డైలాగ్ ట్యాగ్ ఏమీ నిన్నమొన్నటిది కాదు. క్రోమ్‌లో 2014లోనే వచ్చింది. ఫైర్‌ఫాక్స్, సఫారీ మాత్రం 2022 మార్చిలో గానీ తెమల్లేదు. మా లీడ్ గారి భయం కూడా అదే, ‘అందరి ఫోన్లలో పనిచేస్తుందా?’ అని. ఏ ఫీచర్‌ను ధైర్యంగా వాడొచ్చో చెప్పే బేస్‌లైన్ గుర్తు చూపించాను. ప్రధాన బ్రౌజర్లన్నిటిలోకీ ఒక ఫీచర్ వచ్చి 30 నెలలు గడిస్తే దానికి పచ్చగుర్తు పడుతుంది. అది చూశాకే సరేనన్నారు. సాయంత్రం టెస్టింగ్ అమ్మాయి వచ్చి, "బయట నొక్కితే మూసుకోవట్లేదేంటండీ?" అంది. నిజమే, షోమోడల్‌తో తెరిస్తే మామూలుగా మూసుకోదు. దానికి నాలుగు లైన్ల జావాస్క్రిప్ట్ రాయాల్సి వచ్చింది. అదొక్కటీ మొదట్లోనే ఇచ్చి ఉంటే బ్రౌజర్లవాళ్ల సొమ్మేం పోయేది!

బెంగళూరు మారతహళ్లిలోని రూముకి వచ్చేసరికి ఎనిమిది దాటింది, ట్రాఫిక్ సంగతి రాయను. మా పిన్ని కొడుకు కడప నుంచి వచ్చి ఇక్కడే కోచింగ్ తీసుకుంటున్నాడు. చెప్పులు విప్పకముందే అడిగాడు: "అన్నా, ఏ కోర్సు కొనమంటావ్?"

ఏదీ కొనొద్దన్నాను. వీడియో చూస్తున్నంతసేపూ అంతా వచ్చేసినట్టే ఉంటుంది, ఖాళీ ఫైల్ తెరిస్తే తెలుస్తుంది. వెబ్ టెక్నాలజీలన్నీ వివరించే ఎమ్‌డీఎన్ సైట్ తెరిచి ఇద్దరం కూర్చున్నాం. ఉచితం, ఏది ఏ బ్రౌజర్‌లో పనిచేస్తుందో పేజీ కిందే పట్టిక ఉంటుంది. తెలుగులో లేదు, వాడికి ఇంగ్లిష్ పేరాలంటే బెరుకు. పేరా వాడు చదివాడు, సంగతి నేను మన భాషలో చెప్పాను.

చెక్‌బాక్స్‌లో టిక్ పెడితే చుట్టూ ఉన్న కార్డు రంగు మారాలి, ఇదీ వాడి ఎక్సర్‌సైజు. జావాస్క్రిప్ట్‌లో పది లైన్లు రాశాడు. పేజీకి రంగులూ రూపూ ఇచ్చే సీఎస్‌ఎస్‌లో ‘హ్యాజ్’ సెలెక్టర్ చూపించి ఒక్క రూల్‌తో చేశాను. లోపలున్న దాన్నిబట్టి బయటి దానికి స్టైల్ ఇవ్వడం కోసం జనం ఏళ్ల తరబడి అడిగారు. ప్రతి చిన్న మార్పుకీ పై ట్యాగులన్నీ మళ్లీ లెక్కేసుకోవాలంటే పేజీ నెమ్మదిస్తుందని బ్రౌజర్లవాళ్లు వెనకాడారు. 2023 డిసెంబర్‌లో ఫైర్‌ఫాక్స్ కూడా చేరాకే ధైర్యంగా వాడుకునే వీలొచ్చింది.

వాడు తన పది లైన్లూ చెరిపేసి, నా రూల్ మళ్లీ సొంతంగా టైప్ చేశాడు. పనిచేసింది. తర్వాత నావైపు తిరిగి, "అన్నా, ఇంటర్వ్యూలో ఇది అడుగుతారా?" అన్నాడు.

"అడగరు. రియాక్ట్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీ గురించే అడుగుతారు," అన్నాను. రేపటి నుంచి అది కూడా మొదలుపెట్టాలి.