క్లాసు మానేసినవాళ్లు మళ్లీ వచ్చేలా చేయడానికి

పగలంతా ఉద్యోగాలు చేసుకుని రాత్రిపూట ఆన్‌లైన్‌లో కంప్యూటర్ అకౌంటింగ్ నేర్చుకునే పెద్దవాళ్ల బ్యాచ్ ఒకటి నాకు అప్పగించారు. సిలబస్ సిద్ధంగానే ఉంది. కష్టమల్లా చేరినవాళ్లను చివరిదాకా నిలపడమే. ఈ బాధ ఎక్కడైనా ఉన్నదే. హార్వర్డ్, ఎంఐటీల ఆన్‌లైన్ కోర్సుల లెక్కలు 2019లో సైన్స్ పత్రికలో వచ్చాయి. 2017-18లో చేరినవాళ్లలో పూర్తి చేసింది 3 శాతం చిల్లర. సర్టిఫికెట్ కోసం డబ్బు కట్టినవాళ్లలో కూడా 46 శాతమే. డబ్బు కట్టి మరీ సగానికి పైగా ఆగిపోయారంటే, దాన్ని బద్ధకం అనేసి ఊరుకోవడం నాకు నచ్చదు.

మొదటి క్లాసుకు ముందే ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, ఇది నేర్చుకుని ఏం చేద్దామనుకుంటున్నారని అడిగాను. పెద్దవాళ్లు తమకు ఇప్పుడు అవసరమైనదైతేనే మనసు పెట్టి నేర్చుకుంటారని, పెద్దల చదువు గురించి పరిశోధించిన అమెరికా విద్యావేత్త మాల్కం నోల్స్ ఎప్పుడో చెప్పాడు. అది ఫోన్‌లో ప్రత్యక్షంగా విన్నాను. ఒకాయనకు ప్రమోషన్ కావాలి. ఒకావిడకు పిల్లలను బతిమాలకుండా సొంతంగా లెక్కలు చూసుకోవాలి. అందుకే పుస్తకంలోని ఉత్తుత్తి కంపెనీల లెక్కలు పక్కనపెట్టి, ఎవరి లెక్కలు వాళ్లే తెచ్చుకోమన్నాను.

ఆవిడ తన ఖర్చుల నోట్‌బుక్ తెచ్చి ఎక్కించారు. “మేడమ్, మొత్తంలో 270 తేడా వస్తోంది” అన్నారు. 9తో భాగించి చూడమన్నాను. శేషం లేకుండా పోయింది. అలా పోతే పక్కపక్క అంకెలు తారుమారై ఉండొచ్చని అకౌంట్స్‌వాళ్లకు తెలుసు. క్లాసు టైం అయిపోయినా ఒక్కరూ లాగౌట్ కాలేదు. స్క్రీన్ మీద ఆవిడ వరసలు దించుతుంటే అందరూ వెతికారు. 360కి బదులు 630 కొట్టిన వరస కనబడగానే, అప్పటిదాకా మ్యూట్‌లో ఉన్నవాళ్లు కూడా గోల చేశారు.

అసలు చిక్కు క్లాసు తప్పిన వారంలో వస్తుంది. పిల్లలకు జ్వరమో, ఆఫీసులో ఆడిటో, ఏదో ఒకటి. రెండు క్లాసులు పోతాయి. ఇక ఏ మొహం పెట్టుకుని వెళ్లాలనిపిస్తుంది. దానికి తోడు సాఫ్ట్‌వేర్ తనంతట తానే “మీరు వెనకబడ్డారు” అని ఎర్రక్షరాల్లో మెయిల్ పంపుతుంది! మా కోఆర్డినేటర్‌తో పోట్లాడి దాన్ని ఆపించాను. దానికి బదులు ప్రతి వారం ఒక పేజీ నోట్సు, ఒక చిన్న వీడియో పెట్టాను. గత వారం రానివాళ్లు అవి చూస్తే చాలు, ఈ వారం క్లాసు అర్థమవుతుంది. ఆన్‌లైన్ పాఠాల వీడియో 6 నిమిషాలు దాటితే చూడటం తగ్గుతుందని ఎడెక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల సైట్ సమాచారంతో 2014లోనే తేల్చారు కాబట్టి, నా వీడియో ఎప్పుడూ అంతకు లోపే.

ఎందుకు రాలేదని మాత్రం ఎవరినీ అడగలేదు. చాలా రోజుల తర్వాత ఒకావిడ కెమెరా ఆపేసుకుని చాట్‌లో “వచ్చాను” అని టైప్ చేశారు. “రండి, మూడో షీట్ తెరవండి” అన్నాను, అంతే. పది నిమిషాల్లో ఆవిడే డౌట్ అడిగారు.

పాయింట్లు, బ్యాడ్జీలు, ర్యాంకుల పట్టికలు పెట్టమని సలహాలొచ్చాయి. పైన ఉన్న నలుగురికి అవి సరదాగానే ఉంటాయి. అడుగున తన పేరు చూసుకున్న మనిషి మాత్రం రేపు రాడు. నేను పెట్టలేదు.

ఇంత చేసినా కొందరు ఆగిపోయారు. నైట్ షిఫ్ట్ పడిన మనిషిని ఏ వీడియో నిలపగలదు? అలాంటివాళ్లు మళ్లీ ఫీజు కట్టకుండా తర్వాతి బ్యాచ్‌లో ఆగిన చోటు నుంచి చేరేలా యాజమాన్యాన్ని ఒప్పించాను. అలా ఆగిన ఒకాయన ఇప్పుడు బ్యాంక్ రీకన్సిలియేషన్, అంటే మన లెక్కలను బ్యాంకు లెక్కలతో సరిచూసుకునే పాఠం, దగ్గర మొదలుపెట్టారు.