చూపించకపోతే భయమేనా?

నిద్ర పట్టేలా లేదు. పొద్దున్న పాతపట్నంలో గృహప్రవేశం దగ్గర బావగారన్న మాట ఇంకా చెవిలో గింగురుమంటూనే ఉంది. భోజనాలకి కూర్చున్నాం, పప్పు వడ్డిస్తున్నారు, అంతమందిలో అందుకున్నారాయన. "ఏటమ్మా, నీ కూతురు అంత బాగా బొమ్మలేస్తాది కదా, ఆన్‌లైన్‌లో ఒక్కటీ పెట్టదేటి? ఎవలేటంటారోనని భయమా?" పాప విస్తరి వైపే చూస్తూ నవ్వి ఊరుకుంది. నాకు ముద్ద గొంతు దిగలేదు. పక్కనున్న వదిన ఊరుకోకుండా, తన ఆడపడుచు కూతురి ముగ్గుల వీడియోలు లక్షల మంది చూస్తున్నారని మొదలెట్టింది. బూరెలు వచ్చేదాకా అదే గొడవ. బూరెలు మాత్రం చాలా బాగున్నాయి, ఇల్లు కూడా చక్కగా కట్టుకున్నారు. ఆ రెండు మంచి మాటలూ రాసేశాను కాబట్టి ఇక అసలు సంగతికి వస్తాను.

పాతపట్నం నుంచి ఒడిశాలో ఉన్న మా ఊరు పర్లాకిమిడి ఎంత దూరమని. బోర్డుల మీద లిపి మారితే తప్ప రాష్ట్రం మారిందని తెలీదు. ఆ కాస్త దారిలోనే కోపం నషాళానికి అంటింది. పాప బొమ్మలు పెట్టకపోవడం ఆయన ఇష్టానికి విరుద్ధమైతే కానీండి. దానికి "భయం" అని పేరు పెట్టడమే నేను ఒప్పుకోలేను. పిల్ల ఏదైనా చెయ్యకపోతే దానికి భయం తప్ప ఇంకో కారణం ఉండదా?

పెట్టిన రోజులూ ఉన్నాయి. మా ఊరి ప్యాలెస్ వెనక గోడ మీద మధ్యాహ్నపు ఎండ బొమ్మ మీకు గుర్తుండే ఉంటుంది. దాని సంతకం కోసేసి ఎవరో పెళ్లికార్డు మీద అచ్చేసుకున్న సంగతి అప్పుడే రాశాను, మళ్లీ ఎందుకు. ఆ తర్వాత కంప్యూటరే బొమ్మలు వేసే కాలం వచ్చింది. 2022లో స్టేబుల్ డిఫ్యూజన్ అని, మాటల్లో చెబితే బొమ్మ వేసిపెట్టే ప్రోగ్రాం బయటికొచ్చింది. దానికి బొమ్మలు నేర్పింది లయాన్ అనే పెద్ద జాబితాలోంచి. ఆ జాబితాలో ఉన్నవి 585 కోట్ల బొమ్మల లింకులు. ఇంటర్నెట్‌లో దొరికినవన్నీ ఊడ్చి పోగేసినవి, వేసినవాళ్లలో ఎవరినీ అడిగింది లేదు. అదే ఏడాది డిసెంబరులో బొమ్మలు పెట్టుకునే ఆర్ట్‌స్టేషన్ అనే సైట్‌లో ఆర్టిస్టులు తమ బొమ్మలకి బదులు ఏఐ వద్దని రాసిన ఒకే బొమ్మని వరసగా పెట్టి నిరసన తెలిపారు. పాప ఆ పేజీ నాకు చూపించింది. కిందికి జరుపుతున్నకొద్దీ అదే బొమ్మ. 2023 జనవరిలో అమెరికాలో ముగ్గురు ఆర్టిస్టులు ఈ బొమ్మల ఏఐ కంపెనీల మీద కోర్టుకెక్కారు. షికాగో యూనివర్సిటీ వాళ్లు గ్లేజ్ అని ఒకటి తయారుచేశారు. దాంట్లోంచి వెళ్లిన బొమ్మ మన కంటికి దాదాపు ముందులాగే ఉంటుంది, యంత్రానికి మాత్రం ఆ వేసే తీరు సులువుగా దొరక్కుండా చేస్తుంది. పాప కొన్నాళ్లు అదీ వాడింది. మా పాత లాప్‌టాప్ మీద ఒక్క బొమ్మ పూర్తయ్యేసరికి నా వంట అయిపోయేది. 2024 జూన్‌లో ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ నడిపే మెటా వాళ్లు జనం పెట్టిన పోస్టులతో తమ ఏఐకి నేర్పుతారని తెలిసి చాలామంది కారా అనే కొత్త చోటికి వెళ్లిపోయారు. పాప స్నేహితులూ వెళ్లారు, తను వెళ్లలేదు. 2025 మార్చిలో, ఫొటో ఇస్తే ఏఐ దాన్ని జపాన్ కార్టూన్ సినిమాల తీరులో మార్చి ఇచ్చే జిబ్లీ బొమ్మల హడావిడి వచ్చినప్పుడు మా బంధువుల్లో సగం మంది డీపీలు మారిపోయాయి. ఆ వారం ఇంట్లో పాప ముభావంగానే తిరిగింది.

కాబట్టి కారణం దొంగతనమే అనుకున్నాను. సాయంత్రం టీ తాగుతూ ఆ మాటే అన్నాను, రేపు బావగారికి ఫోన్ చేసి కడిగేస్తానని కూడా అన్నాను. పాప కాదంది.

"అది ఉందిలే అమ్మా. కానీ నేను మానేసింది అందుకు కాదు. వేసిన బొమ్మ ఒక్కటే పెడితే ఎవరూ చూడరు. వేస్తుండగా వీడియో తియ్యాలి. కాగితం మీద ఫోన్ వేలాడుతుంటే నా చెయ్యి నా మాట వినదు."

తర్వాత లోపలికెళ్లి ఒక పాత కాగితం తెచ్చి చూపించింది. మహేంద్రతనయ ఒడ్డు, వర్షం వెలిసిన సాయంత్రం. నీటిరంగు తడిగా ఉన్నప్పుడు ముదురుగా మెరుస్తుంది, ఆరాక ఒక మెట్టు తేలిపోతుంది. ఆ తేలిపోయే రంగుని ముందే లెక్కేసుకుని వెయ్యడమే అందులో పని. వీడియోలో అందంగా కనపడేది మాత్రం తడి. అందుకని తనకి తెలీకుండానే తడి తడిగా, ముదురుగా వెయ్యడం మొదలైందట. ఆకాశంలో పలచగా వేసిన పసుపుని ఫోన్ తెల్లకాగితం కింద జమకడుతుంది కాబట్టి ఆ పసుపు వెయ్యడం మానేసిందట. కాగితం కిటికీ దగ్గర పట్టుకుంటే ఆ పసుపు నాకు కనపడింది, కొండ వెనక, కనపడీ కనపడనట్టు. ఇంత పసుపు మానుకోవలసి వచ్చిందా అనిపించింది.

దీని తర్వాత నాన్న గుర్తొచ్చారు.

నాన్న బోర్డులు రాసేవారని మీకు తెలుసు. బస్టాండు నుంచి బజారు చివరి దాకా సగం కొట్ల పేర్లు ఆయన చేతివే. రేకు మీద ముందు రెడ్ ఆక్సైడ్, అది ఆరాక రెండు పూతలు ఎనామిల్. సుద్దపొడి పట్టించిన దారం ఒక కొస నాకిచ్చి, రెండోది తను పట్టుకుని, మధ్యలో లాగి వదిలితే టప్పున తెల్లగీత పడేది. పైన ఒడియా, కింద తెలుగు. "ఒడియా అక్షరానికి నెత్తిమీద గొడుగుంటాది, దానికి చోటియ్యాలి. తెలుగక్షరం ఎంతలో అయినా సర్దుకుంటాది" అనేవారు. మణికట్టు ఆనించుకోడానికి ఒక కర్ర, దాని కొసకి గుడ్డ ఉండ కట్టి ఉండేది. ఆ గుడ్డకి ఊళ్లోని రంగులన్నీ అంటుకుని ఉండేవి.

ఆయన నిచ్చెనెక్కారంటే కింద జనం చేరేవారు. కిళ్లీకొట్టు ఆయన, సైకిల్ షాపు కుర్రాళ్లు, సంతకొచ్చిన వాళ్లు, బడి ఎగ్గొట్టిన పిల్లలు. తలో మాట. "లకారం ఎడంపక్కకి ఒరిగింది గురూ" అని ఎవరో అంటే నాన్న కిందికి దిగి, రోడ్డు దాటి అవతలికెళ్లి, తల వంచి చూసేవారు. నిజమైతే టర్పెంటైన్ గుడ్డతో తుడిచి మళ్లీ రాసేవారు, కాకపోతే బీడీ ముట్టించుకుని ఎక్కేసేవారు. కొట్టు యజమాని ఎర్రరంగు ఇంకాస్త దిట్టంగా వెయ్యమంటే వేసేవారు. పని మొత్తం నలుగురి కళ్ల ముందే. ఆ మనిషికి చూపించుకోడమంటే భయమని ఎవరైనా అనగలరా?

అలాంటి నాన్నకి పచ్చ అట్ట లెక్కల పుస్తకం ఒకటి ఉండేది. పెట్టెలో బట్టల అడుగున. అమ్మకి కూడా చూపించలేదు. ఆయన పోయాక పెట్టె సర్దుతుంటే బయటపడింది. బాల్‌పెన్నుతో వేసిన బొమ్మలు, నిండా చేతులే. కొమ్ముతో కొంగని చెక్కుతున్న చేతులు (మా ఊళ్లో కొమ్ము బొమ్మల పనివాళ్లు ఆయనకి స్నేహితులు), చింతపండు పిసుకుతున్న అమ్మ చెయ్యి, పడుకున్న అన్నయ్య అరచెయ్యి. ఒక పేజీ నిండా ఒకే బొటనవేలు, మళ్లీ మళ్లీ, ఒక్కటీ కుదరలేదు. కుదరనివి కొట్టెయ్యలేదు, పేజీ చింపలేదు. బోర్డు మీద ఒక్క వంకర ఒప్పుకోని మనిషి ఇక్కడ వంకరలన్నీ అలాగే ఉంచుకున్నారు. ఆ పేజీ చూసినప్పుడల్లా నాకు ఏడుపొస్తుంది, ఇప్పుడు రాస్తున్నా వస్తోంది. అందరి ముందూ పనిచేసే మనిషి, కుదరని బొటనవేలు కోసం ఎవరూ రాని చోటొకటి ఉంచుకున్నారు. పాప అడిగేదీ అదేనని నాకు తోచింది. బావగారికి ఇదే చెప్పాలనుకున్నాను: ఆన్‌లైన్‌లో మాట అనేవాడు మర్నాడు కిళ్లీకొట్టు దగ్గర ఎదురుపడడు, మా వీధిలో ఎదురుపడేవాడు, తేడా అదీ అని.

ఇక్కడిదాకా రాశాక ఇంకో సంగతి అడ్డొస్తోంది. ఆ వీధేగా ఫ్లెక్స్ రాగానే నాన్నని వదిలేసింది. లకారం ఒరిగిందని అంత శ్రద్ధగా చూసినవాళ్లే, తమ కొట్టుకి ఫ్లెక్స్ కట్టించుకునే రోజున ఒక్కమాట అనలేదు. పాత రేకు బోర్డులు గొడ్ల పాకలకి అడ్డం పెట్టుకున్నారు. ఎదురుపడడం వల్ల నాన్నకి ఒరిగింది ఏమిటి? పైగా ఆ వీధికి ఎప్పుడూ అవే అక్షరాలు కావాలి. నాన్న ఒకసారి నీడ వేసిన కొత్తరకం అక్షరాలు రాస్తే డబ్బులు తగ్గించి ఇచ్చారు.

ఇంకోటి. పాపకి నీటిరంగులు ఎవరు నేర్పారు? పర్లాకిమిడిలో నేర్పేవాళ్లు మాకు దొరకలేదు. బరంపురం పంపే స్తోమత అప్పుడు లేదు. ఎక్కడెక్కడివాళ్లో, ముఖం తెలియనివాళ్లు, తమ పని పైసా తీసుకోకుండా పెట్టబట్టే నేర్చుకుంది. తడి కాగితం మీద రంగు ఎలా పాకుతుందో వాళ్ల వీడియోల్లోనే చూసింది, ఇప్పుడు తను తియ్యనంటున్న వీడియోల్లాంటివే. వాళ్లూ మా పాపలాగే తలుపేసుకుని ఉంటే ఏమయ్యేది? వాళ్ల చేతుల మీదా ఫోన్ వేలాడే ఉంటుంది, వాళ్లూ ఏదో ఒక పసుపు వదులుకునే ఉంటారు. వాళ్లని తలుచుకుంటే బావగారి మీద ఉన్న కోపం సగం దిగింది. మిగిలిన సగం ఆయన అడిగిన తీరు వల్ల ఉన్నదే.

పాపని ఇదీ అడిగాను. "తెలుసమ్మా, అందుకే అక్కడ ఎవరైనా సందేహం అడిగితే సమాధానం రాస్తాను, గంటసేపైనా రాస్తాను. బొమ్మ పెట్టను" అంది. ఇది నాకు కొత్త సంగతి. రాత్రిళ్లు ఫోన్‌లో ఏంటో టైపు చేస్తుంటే తిడుతూ ఉంటాను కూడా. కాగితం ఏ బరువుది కొనాలి, ఏ రంగు వెలిసిపోతుంది, ఎండలో ఎందుకు పెట్టకూడదు, ఇవన్నీ ఎవరో పిల్లలకి చెబుతోందట. బొమ్మలు మాత్రం ఇద్దరు ముగ్గురు స్నేహితులకి పోస్టులో పంపుతుంది. వాళ్లు కాగితాన్ని చేత్తో పట్టుకుని చూస్తారు, పసుపు కనపడుతుంది.

గుణుపూర్ వైపు, గజపతి కొండల్లో సవర గిరిజనుల ఇళ్ల లోపలి గోడల మీద వేసే బొమ్మలు గుర్తొస్తున్నాయి. ఎర్రమట్టి అలికిన గోడ మీద బియ్యప్పిండి తెలుపుతో మనుషులు, ఏనుగులు, చెట్లు. పోయినవాళ్ల కోసం, జబ్బు నయం కావాలని, పంట బాగుండాలని వేసేవి. వాటిని చూడవలసిందెవరో వేసేటప్పుడే తెలుసు. ఇప్పుడవి ఊరూరా గోడల మీద, చీరల మీద, కప్పుల మీద ఉన్నాయి, ఎవరింటి గోడదో రాసిపెట్టినవాళ్లు లేరు. మా ఊళ్లో పంతులుగా ఉన్నప్పుడు గిడుగు రామమూర్తిగారు సవరవాళ్లని ఇంట్లోనే ఉంచుకుని వాళ్ల భాష నేర్చుకున్నారు. అడిగి, పక్కన కూర్చుని, అన్నం పెట్టి తీసుకున్నారు. తీసుకోవడం తప్పని నేననను. ఆ అడగడం ఎక్కడ పోయిందన్నదే నా బాధ.

ఇదంతా ఇవాళే ఇంతగా పట్టుకోవడానికి అన్నయ్య కూడా కారణం. నాన్న పుస్తకం స్కాన్ చేసి బొమ్మల గ్రూపుల్లో పెడదామని విశాఖ నుంచి పోరుతున్నాడు. "నాన్న పేరు పదిమందికీ తెలుస్తుంది కదే" అంటాడు. మనసు మంచిదే. మన 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం వేసినవాళ్లు పోయాక కూడా 60 ఏళ్లు హక్కు ఉంటుంది, అది వారసులకి వస్తుంది. అంటే ఆ బొటనవేళ్ల మీద మా ఇద్దరికీ హక్కుంది. వాడు ఆ చట్టం మాట కూడా తెచ్చాడు. కానీ నాన్న బతికుండగా అది పెట్టె అడుగున పెట్టుకున్నారు. వీధికి చూపించాలనుకున్నవన్నీ వీధిలోనే వేలాడదీశారు. దాచుకున్నదేదో తేల్చింది ఆయనే, మాకు వచ్చిన హక్కుతో దాన్ని మార్చబుద్ధి కావడం లేదు.

అన్నయ్యకి పొద్దున్నే మెసేజ్ పెడతాను. ఊళ్లో నాన్న బోర్డులు ఇంకా కొన్ని మిగిలే ఉన్నాయి, మందుల కొట్టు వెనకదీ, పాత లాడ్జీదీ. నేను వెళ్లి ఫొటోలు తీసి పంపుతాను. వాడు కావలసినన్ని చోట్ల పెట్టుకోవచ్చు, కింద నాన్న పేరు ఒడియాలోనూ తెలుగులోనూ రాసి మరీ పెట్టమంటాను. పచ్చ పుస్తకం మాత్రం నా దగ్గరే ఉంటుంది. చూడాలనుంటే వచ్చి చూడమంటాను, పిల్లల్ని కూడా తీసుకురమ్మంటాను.